పౌరుష గ్రంథి పెరుగుదల

పౌరుష గ్రంథి పెరుగుదల అనేది వయసు మళ్ళిన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి క్రమక్రమంగా పెద్దదై, మూత్రం బయటకు వచ్చే మార్గాన్ని ఇరుకు చేసే ఒక శారీరక స్థితి. వైద్యశాస్త్రంలో దీనిని బినైన్ ప్రోస్టాటిక్ హైపర్‌ప్లేసియా అని, క్లుప్తంగా బి.పి.హెచ్. అని వ్యవహరిస్తారు. వాడుకలో చాలామంది "ప్రోస్టేటు వచ్చింది" అంటారు. నిజానికి ప్రోస్టేటు ప్రతి పురుషునికీ పుట్టుకతోనే ఉండే గ్రంథి. వయసుతో వచ్చేది దాని పెరుగుదల మాత్రమే.

బినైన్ అన్న మాటకు నిరపాయమైనది, అనగా కాన్సరు కానిది అని అర్థం. ఈ పేరు కొంత మోసం చేస్తుంది. గ్రంథి పెరగడం వల్ల ప్రాణాపాయం లేదు కానీ, దాని వెనుక మూత్రం నిలిచిపోవడం వల్ల మూత్రపిండాలు చెడిపోవచ్చు. ఈ నష్టం చాలా సందర్భాలలో నొప్పి లేకుండా, నెలల తరబడి జరుగుతుంది. సిగ్గు వల్లనో, ముసలితనంలో ఇది మామూలే అన్న భావన వల్లనో చెప్పకుండా ఉండిపోయిన వారికే ఎక్కువ హాని కలుగుతుంది. ఇది ప్రపంచమంతటా ఉన్న సమస్యే అయినా తిండి, అలవాట్లు, వైద్యం దొరికే తీరు ప్రాంతాన్ని బట్టి మారుతాయి కనుక ఈ వ్యాసంలో ఉదాహరణలను గోదావరి డెల్టా నుండి తీసుకోవడం జరిగింది.

గ్రంథి స్వరూపం

ప్రోస్టేటు గ్రంథి మూత్రాశయానికి సరిగ్గా దిగువన, పురీషనాళానికి ముందు భాగంలో ఉంటుంది. యౌవనంలో దీని బరువు సుమారు 20 గ్రాములు, అంటే ఒక పెద్ద ఉసిరికాయంత. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని ఇది తయారు చేస్తుంది. మూత్రాశయం నుండి మూత్రాన్ని బయటకు తెచ్చే గొట్టాన్ని ప్రసేకం అంటారు. ఈ ప్రసేకం ప్రోస్టేటు గ్రంథి నడిమధ్య నుండి వెళుతుంది. కష్టమంతా ఈ అమరికలోనే ఉన్నది. గ్రంథి బయటకు పెరిగితే ఎవరికీ తెలియదు, లోపలికి పెరిగితే గొట్టం నొక్కుకుపోతుంది.

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో అమెరికా వైద్యుడు జాన్ మెక్‌నీల్ ఈ గ్రంథిని మండలాలుగా విభజించి చూపాడు. ప్రసేకాన్ని ఆనుకుని ఉండే చిన్న మండలం వయసుతో పెరిగి బి.పి.హెచ్. కలిగిస్తుంది. కాన్సరు ఎక్కువగా వెలుపలి మండలంలో పుడుతుంది. కనుక ఈ రెండూ వేరు వేరు జబ్బులు. గ్రంథి పెరుగుదల కాన్సరుగా మారదు. కాకపోతే ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు కాబట్టి వైద్యులు రెండింటినీ దృష్టిలో ఉంచుకుని పరీక్షిస్తారు.

గ్రంథి పరిమాణానికీ, బాధ తీవ్రతకూ నేరుగా సంబంధం లేదన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువల నీటితో బ్రతుకుతున్న ప్రాంతం వారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. కాలువ గట్టు మీద బండెడు మట్టి పోసినా పారుదలకు అడ్డు రాదు, తూము నోట్లో తట్టెడు మట్టి పడితే చాలు చేను ఎండుతుంది. 80 గ్రాముల గ్రంథితో ఏ బాధా లేకుండా తిరిగేవారున్నారు, 30 గ్రాముల గ్రంథితో మూత్రం బిగించి ఆసుపత్రికి వచ్చేవారూ ఉన్నారు. అందుచేత స్కానింగు కాగితం మీద గ్రాములు చూసి బెంగపడటం గానీ, తక్కువగా ఉన్నాయని ఊరటపడటం గానీ సరికాదు.

కారణాలు

వయసు, పురుష హార్మోను అనే రెండూ ఉంటేనే ఈ పెరుగుదల కలుగుతుంది. వృషణాలలో తయారయ్యే టెస్టోస్టిరోన్ అనే హార్మోనును ప్రోస్టేటులోని 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము మరింత శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టిరోన్‌గా మారుస్తుంది. గ్రంథి కణాలను పెంచేది ప్రధానంగా ఈ రెండవదే. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయిన వారికి ఈ జబ్బు రాదు.

ఈ సంగతి తేటతెల్లం కావడానికి తోడ్పడినది కరీబియన్ దీవులలోని డొమినికన్ రిపబ్లిక్‌లో జరిగిన ఒక పరిశీలన. అక్కడి కొన్ని కుటుంబాలలో ఈ ఎంజైము లోపంతో పుట్టిన మగపిల్లలు ఉన్నారని, పెద్దయ్యాక కూడా వారి ప్రోస్టేటు చిన్నదిగానే ఉండిపోతుందని 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం ప్రకటించింది. ఎంజైమును మందుతో అణిచివేస్తే గ్రంథిని కుదించవచ్చునన్న ఆలోచనకు ఇది బలమైన ఆధారమైంది. ఆ దారిలోనే ఫినాస్టిరైడ్ అనే మందు తయారై 1992లో అమెరికాలో అనుమతి పొందింది.

మరణానంతర పరీక్షల ప్రకారం యాభై నుండి అరవై ఏళ్ళ మధ్య ఉన్న పురుషులలో దాదాపు సగం మందికి, ఎనభై దాటిన వారిలో పదింట ఎనిమిది తొమ్మిది మందికి గ్రంథిలో ఈ మార్పు కనిపిస్తుంది. అందరికీ బాధ ఉండదు. స్థూలకాయం, మధుమేహం ఉన్నవారికి లక్షణాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. యౌవనంలోని లైంగిక అలవాట్ల వల్ల ఇది వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఈ నమ్మకం వల్ల జరిగే కీడు ఏమిటంటే, పెద్దవారు తమ తప్పేదో బయటపడుతుందన్నట్లు వైద్యుని వద్ద కూడా నోరు విప్పరు.

లక్షణాలు

లక్షణాలు రెండు రకాలు. మొదటి రకం దారి ఇరుకైనందువల్ల వచ్చేవి: మూత్రం మొదలు కావడానికి కొంతసేపు నిలబడి వేచి ఉండవలసి రావడం, ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, ముక్కవలసి రావడం, పూర్తయిన తరువాత కూడా చుక్కలు పడటం, ఇంకా మిగిలి ఉన్నదనిపించడం. రెండవ రకం మూత్రాశయం అలసిపోయి, చిరాకు పడినందువల్ల వచ్చేవి: మాటిమాటికీ వెళ్ళవలసి రావడం, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, రాత్రి నిద్రలో పలుమార్లు లేవడం. ఇరుకు దారిలోకి మూత్రాన్ని నెట్టడానికి మూత్రాశయపు కండరం మొదట దళసరి అవుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చతికిలబడి, సంకోచించే శక్తిని కోల్పోతుంది. ఆ దశకు చేరిన మూత్రాశయం, అడ్డు తొలగించిన తరువాత కూడా పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఆలస్యం వల్ల కలిగే నష్టాలలో ఇది ఒకటి.

బాధను కొలవడానికి ప్రపంచమంతటా ఒక ప్రశ్నావళి వాడుకలో ఉంది. ఏడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుండి 5 వరకు మార్కులు. మొత్తం 7 లోపు అయితే స్వల్పం, 8 నుండి 19 వరకు మధ్యస్థం, 20 నుండి 35 వరకు తీవ్రం. వీటికి తోడు మరొక ప్రశ్న ఉంటుంది: మిగిలిన జీవితమంతా ఇలాగే గడపవలసి వస్తే మీకు ఎలా ఉంటుంది? చికిత్సను నిర్ణయించడంలో ఈ ప్రశ్నకు మిగతా ఏడింటితో సమానమైన విలువ ఉంది.

రాత్రి లేచే ప్రతివారికీ ప్రోస్టేటే కారణమని అనుకోరాదు. మధుమేహం అదుపులో లేకపోయినా, గుండె బలహీనత వల్ల పగలు కాళ్ళలో చేరిన నీరు రాత్రి పడుకున్నప్పుడు తిరిగి రక్తంలోకి వచ్చినా, రక్తపోటుకు వాడే మూత్రకారక మాత్రను సాయంత్రం వేసుకున్నా ఇదే జరుగుతుంది. కొలపాత్ర ఒకటి పెట్టుకుని మూడు రోజుల పాటు ఎప్పుడు, ఎంత మూత్రం వచ్చిందో కాగితం మీద వ్రాసుకుంటే తేడా తెలుస్తుంది. రోజు మొత్తం మూత్రంలో మూడో వంతు కంటే ఎక్కువ రాత్రి నిద్ర సమయంలోనే వస్తూంటే, లోపం గ్రంథిలో కాక వేరేచోట ఉండవచ్చు. ఖర్చు లేని ఈ పరీక్ష చాలా స్కానింగుల కంటే ఎక్కువ చెబుతుంది.

డెల్టాలో మరొక గందరగోళం ఉంది. ఉభయ గోదావరి జిల్లాలు బోదకాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలుగా చాలాకాలం నుండి పేరుపడ్డాయి. బోదకాలు క్రిముల వల్ల వరిబీజం, కొందరిలో పాలవంటి తెల్లని మూత్రం రావడం జరుగుతాయి. ఈ క్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ మందు 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వెలువడింది. పెద్దవయసులో ఒంటేలుకు సంబంధించిన ఏ ఇబ్బంది వచ్చినా "అదే అయి ఉంటుంది" అనుకునే అలవాటు దీనివల్ల ఏర్పడి ఉండవచ్చు. తెల్లని మూత్రం ప్రోస్టేటు లక్షణం కాదు. సన్నని ధార బోదకాలు లక్షణం కాదు.

మూత్రం బిగించడం

ఉన్నట్టుండి మూత్రం పూర్తిగా ఆగిపోవడాన్ని తీవ్ర మూత్రబంధం అంటారు. పొత్తికడుపు ఉబ్బి, భరించరాని నొప్పి కలుగుతుంది. ఇది అత్యవసర పరిస్థితి. గంటల లోపు ఆసుపత్రిలో గొట్టం వేసి మూత్రం తీయవలసి ఉంటుంది. తెల్లవారిన తరువాత చూద్దామని ఆగరాదు.

అంతకు ముందు ఏదో నెట్టుకొస్తున్న గ్రంథి ఒక్కసారిగా దారి మూసివేయడానికి సాధారణంగా ఒక చిన్న కారణం ఉంటుంది. జలుబుకు దుకాణంలో కొని వేసుకునే మాత్రలు వాటిలో ముఖ్యమైనవి. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫిడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్ వంటివి మూత్రాశయపు మెడను బిగిస్తాయి. మత్తు కలిగించే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయపు కండరాన్ని నిద్రపుచ్చుతుంది. ఈ రెండు రకాలూ కలిసి ఉన్న మాత్రలు ప్రతి ఊరిలోనూ దొరుకుతాయి. మద్యం, కల్లు సేవించడం, మలబద్ధకం, దూరప్రయాణంలో గంటల తరబడి ఆపుకోవడం, వేరే ఏదైనా శస్త్రచికిత్స కోసం మత్తు ఇవ్వడం కూడా కారణాలు కావచ్చు. కల్లు తాగితే మూత్రం సాఫీగా వస్తుందనే మాట పల్లెలలో వినబడుతూ ఉంటుంది. మూత్రం ఎక్కువగా తయారవుతుంది, నిజమే. దారి మాత్రం వెడల్పు కాదు. ఎక్కువ మూత్రం, అదే ఇరుకు దారి, పైగా మత్తులో పిలుపు తెలియకపోవడం అనే మూడూ కలిసి బిగింపుకు దారితీస్తాయి.

దీనికంటే ప్రమాదకరమైనది నొప్పి లేని బిగింపు. మూత్రాశయం కొద్దికొద్దిగా సాగుతూ పోయి, లీటరు పైబడిన మూత్రాన్ని కూడా నిలువ ఉంచుకుంటుంది. పాత్ర నిండి పొర్లినట్లుగా పైపై మూత్రం చుక్కలుగా పడుతూంటుంది. రాత్రి పక్క తడుస్తుంది. ఇంటివారు "మూత్రం ఎక్కువగా పోతున్నది" అనుకుంటారు. నిజానికి పోవలసినది పోవడం లేదు. వెనుక ఒత్తిడి మూత్రపిండాల దాకా పాకి అవి ఉబ్బుతాయి. ఆకలి మందగించడం, వాంతి వచ్చినట్లుండటం, నీరసం, కాళ్ళు వాచడం, మనిషి మందకొడిగా అయిపోవడం అప్పుడు కనిపిస్తాయి. వీటిని చూసి ఎవరూ మూత్రాశయాన్ని అనుమానించరు. ముసలితనం అనుకుంటారు. యాభై దాటిన పురుషునికి కొత్తగా పక్క తడవడం మొదలైతే, అది వేరుగా రుజువయ్యే వరకు మూత్రబంధమేనని భావించడం మంచిది.

ఇక్కడ కోనసీమ వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. మూత్రం సరిగా రాకపోతే కొబ్బరి బొండాలు తాగించడం అక్కడి వాడుక. ఆరోగ్యవంతునికి బొండం నీరు మంచిదే. అయితే కొబ్బరి నీటిలో పొటాషియం పుష్కలంగా ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషి శరీరం పొటాషియాన్ని బయటకు పంపలేదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. పైగా అడ్డు ఉన్నచోట నీరు ఎక్కువ పట్టించినందువల్ల ఒత్తిడి పెరుగుతుందే తప్ప దారి తెరుచుకోదు. బార్లీ నీటికీ ఇదే వర్తిస్తుంది. మూత్రం ఆగిన మనిషికి ముందు గొట్టం, తరువాతే నీరు. రక్తపరీక్షలో క్రియాటినిన్, పొటాషియం ఎంత ఉన్నాయో తెలిసే వరకు బొండాలు, అరటిపళ్ళు పక్కన పెట్టడం క్షేమం.

చాలాకాలం బిగించిన మూత్రాన్ని గొట్టంతో తీసిన తరువాత కొందరిలో మూత్రపిండాలు ఒక్కసారిగా గంటకు వందల మిల్లీలీటర్ల చొప్పున మూత్రాన్ని వదులుతాయి. ఒంట్లోని నీరు, ఉప్పులు కోల్పోకుండా ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలి. అందుకే గ్రామంలో గొట్టం వేయించుకుని వెంటనే ఇంటికి వెళ్ళిపోవడం అన్నివేళలా సరైనది కాదు.

పరీక్షలు

వైద్యుడు తొడుగు వేసుకున్న వేలితో పురీషనాళం ద్వారా గ్రంథిని తాకి చూస్తాడు. అర నిమిషం పట్టే ఈ పరీక్షను చాలామంది అవమానంగా భావించి తప్పించుకుంటారు. గ్రంథి మెత్తగా నున్నగా ఉన్నదా, రాయిలా గట్టిగా గడ్డకట్టి ఉన్నదా అన్నది వేలికి తెలిసినట్లు స్కానింగుకు తెలియదు. మూత్రపరీక్ష, రక్తంలో చక్కెర, క్రియాటినిన్ తరువాత అల్ట్రాసౌండు చేస్తారు. అందులో చూడవలసిన అంకె గ్రాములు కాదు, మూత్రం పోసి వచ్చిన తరువాత లోపల ఎన్ని మిల్లీలీటర్లు మిగిలింది అన్నది. ధార వేగాన్ని కొలిచే యంత్రం ఉన్నచోట అత్యధిక వేగం సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే అడ్డు ఉండే అవకాశం తక్కువ, 10 కంటే తగ్గితే ఎక్కువ.

పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష ప్రోస్టేటులో తయారయ్యే ఒక ప్రోటీనును కొలుస్తుంది. 4 నానోగ్రాములు దాటగానే కాన్సరని బెదిరిపోనక్కరలేదు. గ్రంథి పెద్దదైనా, మూత్రంలో చీము చేరినా, మూత్రం బిగించినా, గొట్టం వేసినా ఇది పెరుగుతుంది. బిగింపు తగ్గిన కొన్ని వారాలకు మళ్ళీ చేయించాలి. ఫినాస్టిరైడ్, డ్యుటాస్టిరైడ్ వాడేవారిలో సుమారు ఆరు నెలలకు పి.ఎస్.ఏ. సగానికి పడిపోతుంది. అలాంటివారి ఫలితాన్ని రెట్టింపు చేసి చదవాలి. మందు సంగతి చెప్పకపోతే ఉన్న కాన్సరు కూడా మరుగునపడుతుంది.

మందులు

బాధ స్వల్పంగా ఉండి, మూత్రం లోపల మిగలకుండా, మూత్రపిండాలు బాగుంటే ఏ మందూ అవసరం లేదు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు నుండి నీరు, కాఫీ, టీ తగ్గించడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, మొదటిసారి పోసిన తరువాత కొద్ది నిమిషాలకు మళ్ళీ ప్రయత్నించడం, ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవడం చాలు. పగలు మాత్రం నీరు తగ్గించరాదు. ఎండాకాలంలో పొలంలో పనిచేసేవారు మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుందని దాహం ఆపుకుంటే రాళ్ళు, చీము తోడవుతాయి.

మందులలో మొదటి వర్గం టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ వంటివి. ఇవి గ్రంథిలోను, మూత్రాశయపు మెడలోను ఉన్న కండరాన్ని సడలిస్తాయి. కొద్దిరోజులలోనే గుణం కనిపిస్తుంది, కానీ గ్రంథి మాత్రం తగ్గదు. లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరగవచ్చు కనుక రాత్రి మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవాలి. వీర్యం బయటకు రాకుండా వెనక్కు వెళ్ళడం కొందరిలో జరుగుతుంది, దానివల్ల హాని లేదు.

ఈ మందుకూ కంటిశుక్లాలకూ ఒక సంబంధం ఉన్నది. టామ్సులోసిన్ వాడేవారికి శుక్లం తీసేటప్పుడు కంటిపాప చుట్టూ ఉండే తెర పట్టుతప్పి రెపరెపలాడుతుందని 2005లో అమెరికా నేత్రవైద్యులు ఛాంగ్, కాంప్‌బెల్ గుర్తించారు. మందు ఆపివేసిన తరువాత కూడా ఈ గుణం పూర్తిగా పోదు. ముందుగా తెలిస్తే శస్త్రవైద్యుడు తగిన జాగ్రత్త తీసుకుంటాడు, తెలియకపోతే కంటికి నష్టం జరగవచ్చు. ప్రోస్టేటు బాధ, కంటిశుక్లాలు వచ్చేది ఒకే వయసులో. ఉచిత నేత్రవైద్య శిబిరానికి వెళ్ళే పెద్దవారు తాము వాడే మూత్రం మాత్రల అట్టను కూడా జేబులో పెట్టుకుని వెళ్ళాలి. ఇంకా మందు మొదలుపెట్టని వారు శుక్లం ఆపరేషను ముందు చేయించుకుని, తరువాత మాత్ర మొదలుపెట్టవచ్చునా అని వైద్యుని అడగవచ్చు.

రెండవ వర్గం పైన చెప్పిన ఫినాస్టిరైడ్, డ్యుటాస్టిరైడ్. ఇవి గ్రంథిని కుదిస్తాయి, అయితే ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. పెద్ద గ్రంథులలోనే ఎక్కువగా ఉపయోగపడతాయి. కొందరిలో లైంగికాసక్తి తగ్గుతుంది. గర్భిణులు పగిలిన లేక పొడిచేసిన ఈ మాత్రలను తాకరాదు, గర్భంలోని మగశిశువుకు హాని కలుగుతుంది. మామగారికి మందులు అందించే కోడళ్ళు ఉన్న ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవలసిన మాట.

ఈ రెండు వర్గాలనూ కలిపి వాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో 3,047 మందిపై సగటున నాలుగున్నర సంవత్సరాలు జరిపిన పరిశోధన 2003లో వెలువడింది. జబ్బు ముదిరే అవకాశం డోక్సజోసిన్ ఒక్కటే వాడినవారిలో 39 శాతం, ఫినాస్టిరైడ్ ఒక్కటే వాడినవారిలో 34 శాతం, రెండూ వాడినవారిలో 66 శాతం తగ్గింది. టాడలఫిల్ అనే మందుకు 2011లో ఈ జబ్బుకు కూడా అనుమతి వచ్చింది. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకునే నైట్రేటు మాత్రలు వాడేవారు దీనిని తీసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆయుర్వేదంలో సుశ్రుతుడు మూత్రాఘాతాలను పన్నెండుగా చెప్పి, వాటిలో వాతాష్ఠీల అనేదానిని మూత్రమార్గాన్ని అడ్డగించే గట్టి గడ్డగా వర్ణించాడు. ప్రోస్టేటు పెరుగుదలతో దీనికి పోలిక ఉన్నదని పలువురు భావిస్తారు. పల్లేరు కాయల కషాయం, కొండపిండి వేరు డెల్టా పల్లెలలో నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి గ్రంథిని కుదిస్తాయని పెద్ద పరీక్షలలో తేలలేదు. పాశ్చాత్య దేశాలలో విరివిగా అమ్ముడయ్యే సా పామెట్టో అనే మొక్క సారాన్ని 2006లో, మరల 2011లో పరీక్షించగా ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ గుణం కనిపించలేదు. కషాయం తాగాలనుకునేవారు ముందుగా మిగులు మూత్రం, క్రియాటినిన్ కొలిపించుకుని ఆ తరువాత తాగితే కనీసం ఏమి జరుగుతున్నదో తెలుస్తుంది.

శస్త్రచికిత్స

మందులకు లొంగని బిగింపు, పదే పదే చీము పట్టడం, మూత్రాశయంలో రాళ్ళు, ఆగని రక్తస్రావం, మూత్రపిండాలు దెబ్బతినడం ఉన్నప్పుడు శస్త్రచికిత్స తప్పదు. ఇవి లేకపోయినా బాధ భరించలేనివారు కోరుకోవచ్చు.

ప్రోస్టేటు శస్త్రచికిత్స చరిత్రలో భారతదేశంతో సంబంధం ఉన్న పేరు ఒకటి ఉంది. ఐర్లండుకు చెందిన పీటర్ ఫ్రేయర్ ఇండియన్ మెడికల్ సర్వీసులో రెండు దశాబ్దాలు పనిచేసి, ఇక్కడ మూత్రాశయపు రాళ్ళు నలగగొట్టి తీయడంలో పేరు పొందాడు. లండనుకు తిరిగి వెళ్ళిన తరువాత 1900 డిసెంబరులో పొత్తికడుపు మీద కోసి, మూత్రాశయం గుండా వేలితో గ్రంథిని ఊడబెరికే పద్ధతిని ఆచరించి, 1901లో ప్రకటించాడు. న్యూయార్కుకు చెందిన యూజీన్ ఫుల్లర్ అంతకు ముందే ఈ పని చేశాడన్న వివాదం చాలాకాలం నడిచింది. ఎవరు ముందైనా, ప్రచారంలోకి తెచ్చినది ఫ్రేయరే.

తరువాతి మలుపు కోత లేకుండా ప్రసేకం గుండానే పరికరాన్ని పంపి, విద్యుత్తు తీగతో గ్రంథిని ముక్కలు ముక్కలుగా చెక్కి తీయడం. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ రూపొందించిన పరికరాన్ని 1931లో జోసెఫ్ మెకార్తీ మెరుగుపరచాడు. దీనినే టి.యు.ఆర్.పి. అంటారు. నేటికీ ఇతర పద్ధతులను దీనితోనే పోల్చి చూస్తారు. పాత పద్ధతిలో లోపల కడగడానికి వాడే గ్లైసిన్ ద్రవం రక్తంలోకి పీల్చుకోబడి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది. ఉప్పునీటితో పనిచేసే బైపోలార్ పరికరాలు వచ్చాక ఆ భయం చాలావరకు తొలగింది. హోల్మియం లేజరుతో గ్రంథిని బత్తాయి తొనల వలె తొక్క నుండి విడదీసే పద్ధతి ఎంత పెద్ద గ్రంథికైనా పనికివస్తుంది, రక్తస్రావం తక్కువ, కానీ చేతివాటం రావడానికి శస్త్రవైద్యునికి చాలాకాలం పడుతుంది. నీటి ఆవిరి పంపడం, చిన్న బందులతో గ్రంథిని పక్కకు కట్టడం వంటి కొత్త పద్ధతులూ ఉన్నాయి.

శస్త్రచికిత్స తరువాత సాధారణంగా కొద్దిరోజులు గొట్టం ఉంటుంది. కొన్ని వారాల వరకు మూత్రంలో అప్పుడప్పుడు రక్తపు జీర కనిపించవచ్చు. ఆ సమయంలో బరువులు ఎత్తడం, సైకిలు, మోటారు సైకిలు తొక్కడం మానాలి. టి.యు.ఆర్.పి. చేయించుకున్న వారిలో ఎక్కువమందికి వీర్యం వెనక్కు మూత్రాశయంలోకి వెళుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పించుకోవడం రోగి హక్కు. గ్రంథి వెలుపలి భాగం లోపలే ఉంటుంది కాబట్టి కాన్సరు వచ్చే అవకాశం పోదు. మరొక సంగతి: ముక్కి ముక్కి గజ్జలో హెర్నియా దిగినవారికి మూత్రపు అడ్డు సంగతి చూడకుండా హెర్నియా ఒక్కటే కుట్టించుకుంటే, మత్తు దిగిన రాత్రే మూత్రం బిగించే ప్రమాదం ఉంది.

మత్తుకు తట్టుకోలేని వృద్ధులకు గొట్టంతోనే జీవితం గడపవలసి వస్తుంది. సంచిని ఎల్లప్పుడూ మూత్రాశయం కంటే క్రిందనే ఉంచాలి, మంచం మీద పక్కన పెట్టరాదు. గొట్టం రకాన్ని బట్టి వైద్యుడు చెప్పిన గడువుకు మార్పించాలి.

గోదావరి జిల్లాలలో వైద్యసౌకర్యాలు

పూర్వపు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు 2022 ఏప్రిల్ 4న పునర్విభజన చెందాయి. కాకినాడలో 1958లో ప్రారంభమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ ప్రాంతపు పాత పెద్దాసుపత్రి. రాజమహేంద్రవరం సమీపంలోని రాజానగరంలో జి.ఎస్.ఎల్. వైద్య కళాశాల, అమలాపురంలో కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ ప్రైవేటు రంగంలో ఉన్నాయి. రాజమహేంద్రవరం, ఏలూరులలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం, ప్రభుత్వాలతో పాటు పేరు మార్చుకుంటూ 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో నడుస్తున్నది. కేంద్రప్రభుత్వం 2024 అక్టోబరు 29 నుండి 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ క్రింద సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సా సౌకర్యం కల్పించింది. ఏ ఆసుపత్రిలో ఏ శస్త్రచికిత్స ఈ పథకాల క్రిందకు వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందుగా అడిగి తెలుసుకోవాలి.

సౌకర్యాలు ఉన్నా, పెద్దవారి నోట మాట రావడం వేరే సంగతి. వైద్యుని గదిలోకి కొడుకు, కోడలు, కూతురు వెంట వస్తారు. పెద్దాయన వారి ఎదుట మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి లేచి వచ్చేస్తాడు. వెంట వెళ్ళినవారు "నాన్నగారూ, మేము బయట కూర్చుంటాము" అని రెండు నిమిషాలు బయటకు వస్తే చాలు, చెప్పవలసినది ఆయనే చెబుతాడు. వెళ్ళేటప్పుడు మూడు రోజుల మూత్రం లెక్క కాగితం, జలుబు మాత్రలతో సహా వాడుతున్న అన్ని మందుల అట్టలు, పాత క్రియాటినిన్, పి.ఎస్.ఏ. ఫలితాలు తీసుకువెళ్ళాలి. అల్ట్రాసౌండుకు నిండు మూత్రాశయంతో వెళ్ళమంటారు. అయితే అప్పటికే ధార సన్నబడినవారు సీసాల కొద్దీ నీరు తాగి గంటల తరబడి వరుసలో నిలబడితే అక్కడే మూత్రం బిగించవచ్చు. అందువల్ల మూత్రం వచ్చినట్లు అనిపించగానే స్కానింగు గదివారికి చెప్పి ముందుగా లోపలికి వెళ్ళాలి.